మనం, మేము, ఒక తెప్ప

ఒక పెద్ద అడవిలో, చుట్టూ సముద్రం, పైన ఎప్పుడూ వాన ఉండే అడవిలో జరిగిందిది. మొదట చెప్పినవాడు పల్లేటి కోదండం. ఇంగ్లండు రేవుల్లో ఓడ కళాసీగా చేసి వచ్చినవాడు. అతని నోట వచ్చిందే అసలు కథ. తక్కినవాళ్ళు చెప్పేవన్నీ పులుముళ్ళు.

ఆ అడవి గుర్తు సింహం. కొండ మీద రాతి సింహం కూడా ఉంది. ప్రాణమున్న సింహాన్ని మాత్రం అక్కడ ఎవరి తాతా చూసిన పాపాన పోలేదు.

అడవిని ఏలే జంతువు ఆ కొండ కింద గుహలో ఉండేది. ఉండేది అనకూడదు, వచ్చి పోయేది. ఎలుగుబంటి వచ్చి నిద్రపోయింది. ముళ్ళపంది వచ్చి తనవాళ్ళనే గుచ్చింది. జింక గుహలో గడ్డి పరుచుకునేలోగానే దాన్ని దింపేశారు. చివరికి కోడిపుంజు ఎక్కింది.

“నేను కూస్తేనే తెల్లవారుతుంది” అని దాని ప్రచారం. ఆ మబ్బుల్లో తెల్లవారిందో లేదో తేల్చగలవాడు లేడు కనుక ఓట్లు బాగానే పడ్డాయి.

తెల్లవారింది సరే, మేత పెరగలేదు. జంతువులు గొణగడం మొదలుపెట్టాయి. కోడిపుంజు మెడ సాచి, కళ్ళు మూసుకుని, బాగా ఆలోచించింది. మేత తక్కువేం కాదు, నోళ్ళు ఎక్కువయ్యాయి, అందులో కొన్ని మన నోళ్ళు కావు అని కనిపెట్టింది.

ఆ మాట వినగానే ముంగిస మంగతాయి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. ఆమె అమ్మమ్మని ఎండల దేశం నుంచి ఓడెక్కించి తెచ్చింది ఈ అడవివాళ్ళే, గింజల కొట్టులో ఎలుకలు పట్టడానికి. మంగతాయి పుట్టింది ఇక్కడే. ముగ్గురు పిల్లల్ని కన్నదీ ఇక్కడే. అయినా పక్క బొరియ కుందేలు కామయ్య ఎప్పుడు కనబడినా ఒకటే పలకరింపు.

“మీదెక్కడమ్మా?”

“ఇక్కడేనండి. మీ పక్కనే.”

“అది తెలుసులే. అసలు ఎక్కడ?”

ఆ కామయ్యే చెవులు నిక్కబొడుచుకుని వార్త మోసుకొచ్చాడు. “విన్నావా మంగతాయీ? పరీక్ష పెడుతున్నారు. అందరి ముందూ నోరు విప్పి మాట్లాడాలి. ‘మనం’ అన్నవాడు మనవాడు. ‘మేము’ అన్నవాడు మనల్ని పక్కకి నెట్టి మాట్లాడుతున్నాడు కాబట్టి వేరేవాడు. వాణ్ణి తెప్ప ఎక్కించి సముద్రంలోకి తోసేస్తారు. ఏమనుకోకు, నాకైతే నీ మీద కోపం లేదు.”

“ఎవరు తేలుస్తారు?”

“గుడ్లగూబగారు. ఆయన సంగతి తెలుసుగా, చట్టంలో ఎంతుంటే అంతే. పక్క చూపు ఉండదు.”

మంగతాయికి ఆ ‘మేము’ నాలుక చివరే ఉంటుంది. జన్మంతా ‘మీరు, మీవాళ్ళు’ అని పిలిపించుకున్నవాళ్ళకి ఇంకే మాట అలవాటవుతుంది? పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని సాధన చేసింది. మనం తిన్నాం. మనం తడిశాం. మనం ఎక్కడికీ పోం. చిన్నది నిద్రలో కూడా “మనం” అని కలవరించింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఒడ్డున తెప్ప ఆడుతోంది. జంతువులన్నీ క్యూ కట్టాయి. ఆ అడవిలో క్యూ అంటే ప్రాణం. ముందు ఏముందో తెలియకపోయినా వెనక నిలబడతాయి. మంగతాయి పిల్లల్ని తోక కింద దాచుకుని నిలబడింది.

ముందుగా కోడిపుంజు రాతి సింహం నెత్తికెక్కి ప్రసంగించింది.

“ఏమనుకోకండి. కష్టకాలం. అందరూ ఇకనుంచి ఒక్కపూటే మేయాలి.”

అంతా నోరు వెళ్ళబెట్టారు. సాధన చేసిన మాట కదా, భయంలో మంగతాయి నోట అదే దూకింది.

“అయ్యా, అంటే మనం ఒక్కపూటే తినాలాండీ?”

కోడిపుంజు తురాయి ఎర్రబడింది.

“మనం ఏమిటమ్మా మనం? నీకూ నాకూ పొత్తేమిటి? మీరు ఒక్కపూట! మేము పాలించేవాళ్ళం. మేము రెండుపూటలా మెక్కకపోతే పొద్దున్నే ఎవరు కూస్తారు?”

గుడ్లగూబ ఒక కన్ను తెరిచింది.

“ముంగిస మనం అంది. లోపల. కోడిపుంజు మేము అంది. రెండుసార్లు అంది. తెప్ప.”

“ఓయ్! ఆ చట్టం చేసింది నేను!”

“చేసినవారికి వర్తించదని అందులో లేదు. ఏమనుకోకండి.”

కోడిపుంజు రెక్కలు కొట్టుకుంది. “మా తాతముత్తాతలు ఈ మట్టిలోనే గీకారు!”

మంగతాయికి భయం పోయి నవ్వొచ్చింది. “మీ తాతగారూ మా అమ్మమ్మా ఒకే ఓడలో దిగారటండి. బుట్టలో మీవారు, బుట్టకి కాపలా మా అమ్మమ్మ. దారిలో మీవారు కాస్త తగ్గారని కూడా చెప్పేది.”

ఇంకేముంది, అడవి గొల్లుమంది.

“మేము ముందే అనుకున్నాం!” అంది జింక.

“మేము ఓటే వెయ్యలేదు!” అంది ఎలుగుబంటి.

“దీన్ని మేము మొదట్నుంచీ నమ్మలేదు!” అని అందరికన్నా గట్టిగా అరిచాడు కామయ్య.

గుడ్లగూబ రెండో కన్ను కూడా తెరిచింది. “తెప్ప. తెప్ప. తెప్ప.”

అప్పటికే ‘మేము’ అని అరవనివాళ్ళు ఎవరూ మిగల్లేదు. అంతా నాలుక కరుచుకున్నారు. చట్టం చట్టమే, పైగా అది క్యూ. ఒకరినొకరు తోసుకోకుండా, “ముందు మీరు”, “అబ్బే, మీరే” అనుకుంటూ అడవి అడవంతా తెప్ప దగ్గర బారులు తీరింది. లోపల మిగిలింది మంగతాయి, ఆమె పిల్లలు, తీర్పు చెప్పే గుడ్లగూబ, నోరు లేని రాతి సింహం.

మంగతాయి ఖాళీ అడవిని చూసింది. కావలసినంత మేత. ‘అసలు ఎక్కడ?’ అని అడిగే నాథుడు లేడు. క్షణం సేపు హాయిగానే అనిపించింది. అంతలో చిన్నది తోక కింద నుంచి, “మనం ఎవరితో ఆడుకోవాలమ్మా?” అంది.

మంగతాయి తెప్ప వైపు తిరిగింది.

“పదండి, వాన వస్తోంది. మనం ఇళ్ళకి పోదాం” అని కేకేసింది.

మనం అంది కాబట్టి అందరూ లోపలే అని గుడ్లగూబ తీర్పు చెప్పి కళ్ళు మూసుకుంది. జంతువులు బతుకుజీవుడా అని తిరిగొచ్చాయి. కోడిపుంజు కూడా వచ్చింది, అందరికన్నా ముందు. మళ్ళీ ఎన్నిక పెట్టారు, మళ్ళీ ఎవరో గుహలో గడ్డి పరుచుకున్నారు.

మర్నాడు బొరియ దగ్గర కామయ్య ఎదురయ్యాడు.

“నిన్న భలే ఆదుకున్నావమ్మా, చచ్చి నీ కడుపున పుడతాను. అవునూ, ఇంతకీ మీదెక్కడ? అసలు?”

నీతి: ఓటు అడిగేటప్పుడు ‘మనం’ అనవలెను, గెలిచాక నోరు మూసుకొనవలెను.

ఒక్క మాట. మా పఠనమందిరం గోడపత్రికలో ఈ కథ వేసి, కోడిపుంజు తీసేసి నక్క అని పెట్టారు. కోదండం పేరూ ఎత్తలేదు. నక్క ఈ కథలో ఎక్కడా లేదు. పాపం దానికి ఉన్న అప్రతిష్ట చాలు. చదువు వచ్చినవారెవరైనా వెళ్ళి అది కొట్టేసి, కోడిపుంజు అని దిద్ది రండి.