శాశ్వత చిరునామా ఉన్న పాఠకులు

అనగనగా అనేంత పాత సంగతేం కాదు. ఒక పెద్ద అడవిలో రాతి గోడల గ్రంథాలయం ఒకటి ఉండేది. గుమ్మం మీద 'అందరికీ స్వాగతం' అని చెక్కించారు. చెక్కించినవాళ్లు, అందరూ నిజంగానే వచ్చేస్తారని అనుకోలేదు.

వచ్చినవాడు భద్రయ్య అనే ముసలి ఎలుగుబంటి. ఆ గోడలకి రాళ్లు కావాలని అతని గుహనే తవ్వేశారు. వేరే చోటు చూపిస్తామన్నారు. ఇంకా చూపిస్తూనే ఉన్నారు. ఈలోగా వానాకాలం వచ్చిపడింది.

తలుపు తీయగానే భద్రయ్య వచ్చి వెనక బీరువా పక్కన కూర్చునేవాడు. వరదలో గూడు పోయి, పడవలో ఇల్లు వెతుక్కుంటూ తిరిగే ఉడత కథ చదివేవాడు. కథ అయిపోతే కూర్చోవడానికి సాకు ఉండదని నెమ్మదిగా చదివేవాడు. మధ్యలో కునుకు తీసేవాడు. ఆకలేస్తే బీరువా కిందికి నాలుక చాచి చెదపురుగులను జుర్రుకునేవాడు.

ఇది పెద్దలకి నచ్చలేదు.

"చైర్మన్ గారూ, బీదాబిక్కీ అంటే నాకు ప్రాణం. వాళ్ల మీద కవితలు కూడా రాశాను. కానీ ఆ ఎలుగు కంపు భరించలేకపోతున్నానండీ" అంది పాఠకుల సంఘం కార్యదర్శి, నెమలి మయూరాంబ.

చైర్మన్ అడవిదున్నగారు రోజూ పేపరు ముఖం మీద కప్పుకోవడానికి గ్రంథాలయానికి వచ్చేవారు. "నిజమేనమ్మా. వాడి గురకకి నాకు నిద్ర పట్టడం లేదు" అన్నారు.

లైబ్రేరియన్ కొంగ, పైవాళ్లు ఏ కాలి మీద నిలబడమంటే ఆ కాలి మీద నిలబడే రకం. "ఫలానావాణ్ణి రావద్దంటే బాగుండదండీ. అందరికీ ఒకే రూలు పెడదాం. అది వాడొక్కడికే తగలాలి" అన్నాడు.

రూలు తయారైంది. శాశ్వత చిరునామా ఉన్నవారికే సభ్యత్వం. లోపల ఏమీ తినరాదు.

"మరి నాకు ఇల్లెక్కడుందయ్యా?" దున్నగారు కంగారుపడ్డారు.

"చైర్మన్లకి మినహాయింపు రాశానండీ."

"నేనూ కొమ్మ మీదే కదా పడుకునేది?" అంది మయూరాంబ.

"మీది పై అంతస్తు కిందికి వస్తుందమ్మా."

మర్నాడు కొంగ భద్రయ్యని గుమ్మంలోనే ఆపేశాడు. "చిరునామా?"

"నువ్వు ఆనుకున్న గోడే బాబూ. ఆ కింది రాయి మీద మా అమ్మ గోళ్ల గీతలు ఇంకా ఉన్నాయి, చూడు."

కొంగ చూడలేదు. "గీతలు చెల్లవు."

"పోనీ, ఉడత కథలో ఆఖరి పేజీలు చూసుకుని పోతాను. పడవ ఒడ్డు చేరిందో లేదో."

"సభ్యత్వం ఉంటేనే."

భద్రయ్య వెళ్లి చూరు కింద కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. ముఖం అప్పటికే వానకి తడిసి ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

కొన్నాళ్లకి కొత్త సభ్యులొచ్చారు. చెదపురుగులు. నిటారుగా పెద్ద పుట్ట, తరతరాల చిరునామా, గంపెడు సంసారం. కొంగ మురిసిపోయి అందరికీ కార్డులిచ్చాడు.

"ఎంత క్రమశిక్షణో చూడండి! వరసలో వస్తారు. గురక లేదు, కంపు లేదు. రాత్రింబవళ్లు తలెత్తకుండా పుస్తకాల్లోనే ఉంటారు" అని మయూరాంబ వాళ్లకి ఉత్తమ పాఠకుల శాలువా కప్పింది. సాయంత్రానికి శాలువా కనపడలేదు.

ఒకనాడు దున్నగారు పేపరు కప్పుకోబోతే అది పొడిపొడిగా రాలింది. గబగబా బీరువాలు తెరిచారు. అన్నిట్లో అట్టలు, అట్టల మధ్య మట్టి. మయూరాంబ కవితా సంపుటి ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చెదలు కూడా ముట్టలేదు.

మయూరాంబ చూరు కిందికి పరుగెత్తింది. "భద్రయ్యా, నువ్వు మావాడివి! తొందరగా వచ్చి వాటిని తినెయ్యి నాయనా!"

"లోపల తినకూడదని బోర్డు పెట్టింది మీరే కదమ్మా."

"తీసేస్తాం!"

తీసేయాలంటే సభ్యుల ఓటు కావాలన్నాడు కొంగ. ఓటింగు పెట్టారు. ఇటు మయూరాంబ, దున్నగారు, కొంగ. అటు చెదపురుగులు, లక్షల్లో. బోర్డు అలాగే ఉండిపోయింది. పనిలో పనిగా చైర్మన్ కుర్చీ చెదల రాణికి దక్కింది. ఆవిడ కూర్చున్న కాసేపటికి కుర్చీ కూడా లేదు.

ఆ సాయంత్రం గుమ్మం దాటి బయటికొస్తున్న ఒక చెదపురుగుని భద్రయ్య ఆపాడు. "బాబూ, వెనక బీరువాలో ఉడత కథ ఉండేది. ఆ పడవ చివరికి ఒడ్డు చేరిందా?"

"ఏ పడవ? మేం చదవలేదే! ఆఖరి పేజీలు మాత్రం భలే మెత్తగా ఉన్నాయి."

గుమ్మం ఇవతల ఉంది కాబట్టి భద్రయ్య దాన్ని తినేశాడు. కడుపూ నిండలేదు, కథా తెలియలేదు.

నీతి: పుస్తకాలు పోతే పోయాయి, ఇల్లు లేనివాడు మాత్రం లోపల అడుగు పెట్టలేదు, అదే పదివేలు.