పిన్నిగారి ప్రాచీన తాళం

మా వీధిలో మూడో ఇంటి తలుపు తాళానికి మూడు వందల పన్నెండేళ్ళు నిండాయని ప్రాచీన తాళాల నిర్ధారణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ సంఘంలో నేనూ సభ్యుణ్ణే. తాళాల గురించి నాకు ఓనమాలు రావు. అందువల్ల నిష్పక్షపాతంగా ఉంటానని చేర్చుకున్నారు.

ఆ ఇంట్లో బట్టలు కుట్టే పిన్నిగారు ఉంటారు. సోమవారానికి ఆవిడ నలభై స్కూలు యూనిఫాంలు కుట్టి ఇవ్వాలి. శుక్రవారం పొద్దున తాళం వేసి కొళాయి దాకా వెళ్ళి వచ్చేసరికి అది తెరుచుకోనని మొరాయించింది. మిషను, కత్తిరించిన గుడ్డలు లోపల, పిన్నిగారు బయట. తాళాల మేస్త్రికి కబురంపారు గానీ, అతనికన్నా ముందు అటుగా పోతున్న మా అధ్యక్షులవారు, వెనకే సభ్యులం మేమూ వచ్చేశాం.

అధ్యక్షులవారు భూతద్దం పెట్టి తాళాన్ని ఇరవై నిమిషాలు చూశారు. స్క్రూ తల మీద గాడి నడిమధ్యన లేదు, ఓ పక్కకి ఒరిగింది. యంత్రాలు రాకముందు చేత్తో రాకిన గాడికే అంత అందమైన వంకర ఉంటుందని సెలవిచ్చారు. తుప్పును గోటితో గీకి వాసన చూసి మూడు శతాబ్దాలన్నారు. పైన కాస్త ఎక్కువగా ఉన్న తుప్పుకి పన్నెండేళ్ళు కలిపారు. ప్రభుత్వ ధ్రువీకరణ వచ్చేదాకా ఎవరూ తాళాన్ని తాకరాదని తలుపు మీద కాగితం అంటించారు.

అప్పుడొచ్చాడు మేస్త్రి. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇది నేను చేసిందేనండీ, పిన్నిగారు ఈ ఇంట్లోకి వచ్చిన ఏడాది. ఆ వారం నాకు జ్వరం. ఆకురాయి పడితే చెయ్యి వణికింది."

"మరి ఈ తుప్పు?" అన్నారు అధ్యక్షులవారు.

"ఆవిడ రోజూ గుమ్మం కడుగుతారు కదండీ."

రుజువు చూపమన్నారు. రేకు లోపలివైపు తన గుర్తు ఉంటుందన్నాడు. అది చూడాలంటే తాళం విప్పాలి. విప్పాలంటే తాకాలి. తాకరాదని కాగితం ఉంది.

"చేసినవాడికి వస్తువు మీద మమకారం ఉంటుంది. మమకారం ఉన్నచోట శాస్త్రం నిలవదు. కనుక వీరి సాక్ష్యం చెల్లదు" అని అధ్యక్షులవారు ప్రసంగించారు. మేం చప్పట్లు కొట్టాం.

"తాళం మీరే ఉంచుకోండి నాయనా, నా మిషను నాకిప్పించండి. సోమవారం ఇవ్వకపోతే వచ్చే ఏడు ఈ పని నాకివ్వరు" అన్నారు పిన్నిగారు. నాకు నిజంగా జాలేసింది. ఆ సంగతి సమావేశం మినిట్స్‌లో రాయించాను.

ఆవిడ మాటతోనే దారి దొరికింది. మేస్త్రి తాళం జోలికి పోకుండా తలుపు బందుల శీలలు ఊడదీశాడు. తాళంతో సహా తలుపును సంఘం కార్యాలయానికి మోసుకుపోయాం. అక్కడది గోడకి ఆనుకుని, ఈ రోజుకీ తాళం వేసే ఉంది. యూనిఫాంలు ఆదివారానికే పూర్తయ్యాయి. కాకపోతే గుమ్మానికి తలుపు లేదు గనక పిన్నిగారు మిషను అడ్డంగా వేసుకుని కూర్చుంటున్నారు, కొళాయికి కూడా వెళ్ళడం లేదు.

వడ్రంగి కొత్త తలుపు చేసి ఉంచాడు. తాళానికే ఆలస్యం. మేస్త్రికి కొత్తవి చేసే తీరిక లేదు. వీధి వీధంతా అతని కొట్టు ముందు నిలబడింది. "మీకెన్నేళ్ళది కావాలండీ?" అని అడిగి చీటీ రాసుకుంటున్నాడు పాపం. ఇప్పుడు జ్వరం లేకుండానే చెయ్యి వణికించడం నేర్చుకున్నాడు.

వరుసలో నాది పదకొండో నంబరు. నాకు అత్యాశ లేదు. రెండు వందల ఏళ్ళది చాలన్నాను.