ఇళ్లకు పంపే పాట

సంగీతం వినేవాళ్ల వల్ల సంగీతానికి జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. కచేరీ మొదలైన దగ్గర్నుంచి మంగళం పాడేదాకా కదలకుండా కూర్చుని, తలలూపి, చప్పట్లు కొట్టి గాయకుల్ని చెడగొట్టింది వీళ్లే! పాట ఎత్తుకోగానే లేచి ఇంటిదారి పట్టే శ్రోత ఉన్నాడు చూశారూ, కళకు అసలైన పోషకుడు అతనే.

నమ్మకం కుదరడం లేదా? అయితే తెనాలి జ్ఞానానందం సంగతి వినండి. డెబ్భై మూడులో, మన తెనాలి నుంచి, తెలుగులో బ్లూస్ రాక్ ఆల్బం తెచ్చిన మనిషి. అంతటివాణ్ణి మన జనం ఎంత గొప్పగా ఆదరించారో తెలిస్తే మీకే అసూయ పుడుతుంది.

బాపట్లలో చదువుకునే రోజుల్లో పక్కగది కుర్రాడు తెచ్చిన అమెరికా రికార్డొకటి అతని చెవిన పడింది. పత్తిచేలల్లో కూలి చేసిన నల్లాయన ఎవరో గిటారు తీగను పక్కకు లాగి లాగి ఏడిపిస్తున్నాడు. దాన్నే బ్లూస్ అంటారని ఆ కుర్రాడు చెప్పాడు. భాష ముక్క అర్థం కాలేదు గానీ జ్ఞానానందానికి వాళ్లమ్మ కళ్లముందు కదిలింది. ఆమె పేరు దానమ్మ. రేపల్లె దగ్గర పల్లెలో ఏటా వంగి నాట్లు వేసే మనిషి. నాట్లు వేసేటప్పుడు ‘పొద్దు వాలె, గట్టు రాదె’ అని ఆమె ఎత్తుకుంటే చేనంతా అందుకునేది. ఆ బాణీని రికార్డు మీదికి ఎక్కించి అమ్మకు వినిపించాలని ఆ రోజే అనుకున్నాడు. అతనికి ఇంకో కోరిక ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

తెనాలిలో బడిపంతులు ఉద్యోగం రాగానే పని మొదలుపెట్టాడు. పెద్దలు పిలిచి మందలించారు. నెల తిరిగేసరికి జీతం వచ్చేవాడివి, నీకు ఏడుపు పాటలెందుకయ్యా అన్నారు. ఏడవడానికైనా ఒక అర్హత ఉండాలి కదా! పెళ్లిబ్యాండులో డ్రమ్ము కొట్టే వలి మాత్రం కారణం అడక్కుండా వచ్చి చేరాడు. మైకుసెట్టు షాపు పూర్ణచంద్రరావు యాంప్లిఫయర్ ఇచ్చాడు. ఇళ్లలో ఎవరూ సాధన చేసుకోనివ్వకపోతే కొలకలూరులో ఒక బియ్యంమిల్లు దొరికింది. మిల్లు మోటారు వేసినప్పుడల్లా కరెంటు పడిపోయి, గిటారు తనంతట తనే మూలిగేది. బ్లూస్‌కు అంతకన్నా ఏం కావాలి?

మద్రాసులో రికార్డు చేసేటప్పుడు మాత్రం ఒక పేచీ వచ్చింది. అమ్మ పాటకు ముందు గిటారు ఒక్కటే చాలాసేపు ఏడుస్తుంది. అది తగ్గించి తిన్నగా పాటలోకి వెళ్లమన్నారు అక్కడివాళ్లు. జ్ఞానానందం ససేమిరా అన్నాడు. ముందు గిటారు ఏడ్చి ఏడ్చి అలిసిపోవాలి, అప్పుడే అమ్మ బాణీ రావాలి, బ్లూస్ ధర్మం అది అని పట్టుబట్టి నెగ్గాడు. కళాకారుడన్నాక ఆ మాత్రం పట్టుదల ఉండాలి!

ఇక ఆదరణ. కారంచేడులో ఒక పెళ్లికి పూర్ణచంద్రరావు ఉత్సాహపడి ఆ రికార్డు వేశాడు. మొదటి మూలుగు వినగానే మైకు హారన్ చెడిపోయి కూత పెడుతోందని పందిట్లో నలుగురు పరుగెత్తి వెళ్లి వైర్లు పీకారు. మరొకడు స్తంభమెక్కి హారన్‌ను కిందికి దించి లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. ఎంతటి శ్రద్ధ! ఏ సంగీత సభలోనైనా ఒక్క పాట కోసం శ్రోతలు స్తంభాలెక్కారా?

ఆ తర్వాత ఆ రికార్డును అడిగే నాథుడు లేక, పూర్ణచంద్రరావు దాన్ని రేపల్లె దగ్గర రేకుల సినిమా హాలు నడిపే పున్నయ్యకు ఊరికే ఇచ్చాడు. పున్నయ్య హాల్లో ఒక పద్ధతి ఉంది. బయట హారన్‌లో భక్తిపాట వేస్తే టికెట్లు ఇస్తున్నట్టు లెక్క. చుట్టుపక్కల పల్లెల్లో ఆ పాట వినబడగానే పొయ్యిలో కట్టె లాగేసి బయల్దేరేవాళ్లు. మరి ఆట అయ్యాక జనాన్ని లేపడానికి ఏ పద్ధతీ లేదు. రెండో ఆట కూడా ఊరికే చూద్దామని నేలమీదే నిద్ర నటించేవాళ్లు. ఒకనాడు పున్నయ్య హాల్లోపలి హారన్‌లో ఈ రికార్డు పెట్టాడు. గిటారు మూలిగింది, హాలు ఖాళీ! ఇక రోజూ అదే. పసిపిల్లలు సైతం ఆ మూలుగు వింటే చెప్పులు వెతుక్కోవడం నేర్చారు. ఏ విద్వాంసుడికి దక్కింది ఇంత పేరు?

దానమ్మ ఇంట్లో గ్రామఫోను లేదు. కొడుకు పాట పున్నయ్య హాల్లో వేస్తున్నారని తెలిసి, ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక మ్యాట్నీకి వెళ్లడం మొదలుపెట్టింది. విన్నావా అమ్మా అని జ్ఞానానందం అడిగితే ఇంకా లేదు నాయనా అనేది. జనం తోసుకుంటూ బయటికి లాక్కుపోయి ఉంటారని అతను సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకున్నాడే గానీ, ఆ మాట విన్న ప్రతిసారీ అతని ప్రాణం ఉసూరుమనేది.

రోజూ తిరిగి తిరిగి చివరికి ఆ రికార్డు పగిలింది. పున్నయ్య ఇంకోటి పంపమని కబురు చేశాడు. జ్ఞానానందం తనే బయల్దేరాడు, గిటారుతో, వలితో, యాంప్లిఫయర్‌తో. రికార్డు లేకపోతే జనం లేవరు, లేవకపోతే అమ్మ పాటంతా వింటుంది. ఎంత చక్కటి ఆలోచన! దానమ్మను తీసుకొచ్చి ముందు వరసలో కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు.

మ్యాట్నీ అయింది. తలుపులు తీశారు. ఒక్కరు కదలలేదు. అందరూ నోరు మెదపకుండా హారన్ వంకే చూస్తూ కూర్చున్నారు. తన జన్మలో అలాంటి సభను చూడలేదు జ్ఞానానందం. తెర ముందుకు వచ్చి, కళ్లు మూసుకుని, తీగ లాగాడు.

బెంచీలు కిర్రుమన్నాయి. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకున్నారు, మగవాళ్లు తువ్వాళ్లు దులిపి భుజాన వేసుకున్నారు. గిటారు ఏడుపు సగంలో ఉండగానే హాల్లో వేరుశనగ తొక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. ధర్మం తప్పకూడదు కనుక అతను వాయిస్తూనే ఉన్నాడు. తీరా అమ్మ బాణీ ఎత్తుకోబోతూ కళ్లు తెరిచి కుర్చీ వంక చూశాడు.

అది ఖాళీగా ఉంది. దానమ్మ తలుపు దగ్గర నిలబడి చెయ్యూపుతోంది.

“ఆట అయిపోయిందిగదరా, ఇంకా అక్కడే ఉన్నావేంటి? పద, బస్సెళ్లిపోద్ది.”

బస్సులో తల్లీకొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. గిటారు అతని ఒళ్లో ఉంది. బస్సు కదిలాక దానమ్మ మెల్లగా అడిగింది.

“నా పాట ఎప్పుడేస్తారురా? ఎప్పుడెళ్లినా ఆ ఇళ్లకు పంపే పాటే ఏస్తన్నారు. ఇయ్యాల నువ్వూ అదే వాయిస్తివి.”

వచ్చే ఆదివారం వేస్తారమ్మా అన్నాడు జ్ఞానానందం.

చదువరులారా, ఇక మీరూ లేవవచ్చు.