ఒక్క బంతీ వదలని లైల్ బ్రూబేకర్

దేశం మొత్తమ్మీద కాలేజీ బేస్‌బాల్ ఆడే క్యాచర్లందరిలోకీ, అంటే బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టేవాళ్లందరిలోకీ, ఉత్తముడికి ఏటా ఇచ్చే 'స్టెన్‌జెల్ బంగారు గ్లవ్' అవార్డు ఈసారి మన కాన్సస్‌కే, మన ప్రెయిరీ ఫోర్క్ ఊరికే, మన కాలేజీ కుర్రాడికే దక్కిందని రాష్ట్ర సెనేటర్ హార్లన్ స్టెన్‌జెల్ గారు మే నెల మొదటి సోమవారం ప్రకటించారు. అవార్డు పెట్టింది ఆయనే. ఎంపిక కమిటీ అధ్యక్షుడూ ఆయనే. నవంబర్‌లో ఎన్నికలకి నిలబడుతున్నదీ ఆయనే. ఒక్క మనిషి ఇంత పని ఎలా చేస్తున్నాడా అని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

కుర్రాడి పేరు లైల్ బ్రూబేకర్. ప్రకటన వెలువడే సమయానికి అతను మైదానం చివర, కంచె వెనక గొంతుక్కూర్చుని ఉన్నాడు. పిచ్చర్లు మ్యాచ్‌లోకి దిగేముందు చేతులు వేడెక్కించుకోవడానికి విసిరే బంతులు పట్టడం అతని పని. నాలుగేళ్లలో అక్కడ ఓ లక్ష బంతులు పట్టి ఉంటాడు. కంచెకి ఇవతల, అసలు మ్యాచ్‌లో పట్టిన బంతి ఒక్కటీ లేదు.

"ఒరేయ్ లైల్!" కోచ్ గ్రేబర్ పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం ఆ కాలేజీలో ఎవరూ చూసి ఎరగరు. "దేశంలోకెల్లా గొప్ప క్యాచర్‌వి నువ్వేనట్రా!"

"ఎవరన్నారు?"

"సెనేటర్ గారు."

"ఆయనెప్పుడు చూశాడు నా ఆట?"

"నీ ఆట ఎవడు చూశాడ్రా?" అన్నాడు కోచ్ నిజాయితీగా.

కమిటీ సమావేశంలో జరిగింది తర్వాత సెనేటర్ గారి కార్యదర్శి నోరీనే లైల్‌కి చెప్పింది. నిరుడు అవార్డు అందుకున్నవాడు ఆ రాత్రే బంగారు గ్లవ్ తొడుక్కుని ఓ పోలీసాయన చెంప పగలగొట్టాడు. పేపర్లో ఫొటో పడింది. పోలీసాయన మొహం అంతగా తెలియలేదు గానీ గ్లవ్ మీద సెనేటర్ పేరు అక్షరం అక్షరం కనపడింది. అందుకని ఈసారి ఆయన ఒకే మాట చెప్పారు: మచ్చలేనివాడు కావాలి. నోరీన్ దేశంలో ఉన్న పదకొండు వందల మంది క్యాచర్ల లెక్కలూ కంప్యూటర్‌కి ఇచ్చి, తక్కువ తప్పులు చేసినవాడు పైకి వచ్చేలా వరస పెట్టమంది. పైకి వచ్చినవాడు లైల్.

"తప్పులు?" అడిగారు సెనేటర్.

"సున్నా సార్."

"చేజారిన బంతులు?"

"సున్నా."

"ఇతని కన్నుగప్పి అవతలివాళ్లు దొంగిలించిన బేసులు?"

"ఒక్కటీ లేదు సార్."

"దొంగతనాల్లేవు!" సెనేటర్ గారికి కళ్లు చెమర్చాయి. "ఇలాంటివాణ్ణి మన పార్టీలో చూసి ఎన్నాళ్లయిందమ్మా!"

"ఆడిన మ్యాచ్‌లు కూడా సున్నాయే సార్."

ట్రాక్టర్లు అమ్మే కమిటీ సభ్యుడు ఒకాయన దగ్గాడు.

"నోరీన్, నేను సెనేట్‌లో పన్నెండేళ్లుగా ఉన్నాను. ఒక్క బిల్లయినా పెట్టానా?"

"లేదు సార్."

"స్టెన్‌జెల్ పెట్టిన బిల్లు వల్ల నాశనమయ్యానని ఒక్క రైతైనా అన్నాడా?"

"ఎలా అంటాడు సార్!"

"మరి!"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

లైల్ తల్లి వెర్నా స్కూలు బస్సు నడుపుతుంది. ఊళ్లో జరిగిన ప్రతి మ్యాచ్‌కీ వచ్చి మూడో వరసలో కూర్చుంటుంది. ఒళ్లో స్కోరు పుస్తకం, చెవి మీద పెన్సిల్. ఎవరు విసిరారో, ఎవరు కొట్టారో, ఎవరు పట్టారో బంతి బంతికీ రాస్తుంది. నాలుగేళ్లలో తొమ్మిది పుస్తకాలు నిండాయి. తొమ్మిదింటిలోనూ క్యాచర్ గడిలో ఒకటే పేరు, కోల్బీ.

"విన్నావామ్మా?" అన్నాడు లైల్ ఇంటికొచ్చి.

"బస్సు రేడియోలో చెప్పారు. పిల్లలు దిగేదాకా నవ్వుతూనే ఉన్నారు." క్యాబేజీ, మాంసం కూరిన బన్ను పళ్లెంలో పెట్టి అతని ముందుకి తోసింది. "దేశం సంగతి తర్వాత. నా పుస్తకంలో నీ పేరు రాసేదెప్పుడు?"

"సీనియర్స్ డే నాడు. కోచ్ మాటిచ్చాడమ్మా."

ఏడాదిలో ఊళ్లో జరిగే ఆఖరి మ్యాచ్ అది. చదువు ముగించుకుని వెళ్లిపోయే కుర్రాళ్లలో నాలుగేళ్లూ బెంచీని నున్నగా చేసినవాడికి కూడా ఆ రోజు ఒక్క ఇన్నింగ్స్ ఇస్తారు. వాడు మైదానంలోకి నడుస్తుంటే జనమంతా లేచి నిలబడతారు.

"తొమ్మిదో ఇన్నింగ్స్ నాది."

"సరే, పెన్సిల్ చెక్కి ఉంచుతా. నువ్వు మాత్రం ఆ మోకాళ్లకి నూనె రాసుకో, లేచేటప్పుడు మన బస్సు తలుపులా కిర్రుమంటున్నాయి."

సీనియర్స్ డే నాడు సెనేటర్ గారు స్వయంగా వచ్చి, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి బంగారు గ్లవ్ అందించారు. "ఈ చేతుల్లోంచి ఇంతవరకూ ఒక్క బంతి జారలేదు!" అన్నారు. అది అక్షరాలా నిజం కావడంతో చప్పట్లు మోగాయి. తర్వాత ఆనవాయితీ ప్రకారం మొదటి బంతి విసరడానికి కోటు విప్పి నోరీన్‌కిచ్చి, పిచ్చర్ దిబ్బ ఎక్కి, నాలుగు దిక్కులా ఉన్న ఓటర్లకి చెయ్యూపి విసిరారు.

బంతి తిన్నగానే బయల్దేరింది. సగం దారిలో పార్టీ మార్చి పాప్‌కార్న్ బండి వైపు తిరిగింది.

లైల్ మోకాళ్లు కిర్రుమన్నాయి. పక్కకి పడిపోతున్నాడా అన్నట్టు ఒరిగి, చెయ్యి చాపి, నేలకి బెత్తెడు పైన దాన్ని అందుకున్నాడు. అందుకున్న ఊపులోనే మణికట్టు తిప్పి గ్లవ్‌ని ప్లేట్ నడిమధ్యకి తెచ్చి అక్కడ కదలకుండా నిలిపాడు. పక్కన పోయే బంతిని మధ్యలో పడినట్టు చూపించడం క్యాచర్ల పనితనం. గొప్పవాళ్లు నాలుగంగుళాలు లాగుతారు. లైల్ నాలుగడుగులు లాగాడు.

వెనక నిలబడ్డ అంపైర్ ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, సరిగ్గా పడ్డ బంతికి ఎత్తినట్టే చెయ్యెత్తి "స్ట్రైక్!" అని అరిచాడు.

జనం ఊగిపోయారు. సెనేటర్ గారు తన భుజం తానే తట్టుకున్నారు. నోరీన్ ఫోన్ దించి లైల్ మణికట్టు వంక చూసింది.

"రాశావా అమ్మా?" మూడో వరస వైపు కేకేశాడు లైల్.

"ఇంకా మ్యాచ్ మొదలవలేదు కదరా. లెక్కలోకి రాదు!"

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి మనవాళ్లవి నాలుగు పరుగులు, అవతలివాళ్లవి మూడు. కోల్బీ మాస్క్ తీసి లైల్ ఒళ్లో పడేశాడు. "వేలు వాచింది. ఎలాగూ నీదే కదా, పో. పరువు తియ్యకు." లైల్ కాళ్లకి కవచాలు బిగించాడు. జనం లేచారు. మూడో వరసలో వెర్నా పెన్సిల్ నాలికకి తగిలించి, క్యాచర్ గడిలో 'లై' వరకూ రాసింది.

"ఆగండి!" నోరీన్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లోకి దిగింది. "సెనేటర్ గారు వద్దంటున్నారు."

"నా డగౌట్‌లో నా కుర్రాణ్ణి వద్దనడానికి ఆయనెవరమ్మా?" అన్నాడు కోచ్.

"ఇతను వెళ్లి ఒక్క బంతి వదిలితే అవార్డు ఏమైపోవాలి? దేశంలోకెల్లా ఉత్తమ క్యాచర్ని ఆడించి పాడుచేస్తారా?"

"వదలను మేడమ్," అన్నాడు లైల్.

"వదలవని నాకు తెలుసు బాబూ. కానీ ఏ చిన్న పొరపాటు దొరికినా పేపర్లు మమ్మల్ని వదలవు." కోచ్ వైపు తిరిగింది. "ఈ మైదానానికి కొత్త లైట్ల ఫైలు సెనేటర్ గారి బల్ల మీదే ఉంది, కోచ్."

కోచ్ తలెత్తి స్తంభాల వంక చూశాడు. ఎనిమిది లైట్లలో రెండు వెలుగుతున్నాయి, అందులో ఒకటి ఆలోచించుకుంటోంది. ఆయన నోట్లో ఉన్న పొద్దుతిరుగుడు గింజల పొట్టంతా ఉమ్మేశాడు.

"ఒరేయ్ టకర్! ఆ ఎడమ మూల నిలబడింది చాలు. క్యాచర్‌గా ఎప్పుడైనా చేశావా?"

"మా చెల్లెలికి పట్టేవాణ్ణి కోచ్."

"చాలు."

టకర్ కాళ్ల మధ్య నుంచి రెండు బంతులు వెళ్లిపోయాయి. వాటి పుణ్యాన అవతలివాళ్లు ఇద్దరు ఇల్లు చేరి రెండు పరుగులు కొట్టేశారు. మనవాళ్ల చివరి ముగ్గురూ వెళ్లినంత వేగంగా తిరిగొచ్చేశారు. మ్యాచ్ పోయింది. వెర్నా 'లై' చెరిపి, కాగితం మీది పొడి ఊది, 'టకర్' అని రాసింది.

"లైల్ బ్రూబేకర్ ఆడి ఉంటే ఈ మ్యాచ్ మనదే," అని సెనేటర్ గారు విలేకరులతో ఆవేదనగా అన్నారు. "ఇలాంటి ఆణిముత్యాన్ని పక్కన కూర్చోబెట్టినవాళ్లు ప్రజలకి జవాబు చెప్పాలి!" ఆణిముత్యం ఆయన పక్కనే, కాళ్లకి కవచాలతో, చంకలో బంగారు గ్లవ్‌తో నిలబడి ఉంది. కోచ్ లైట్ల వంక చూస్తూనే ఉన్నాడు.

జనం వెళ్లిపోయాక నోరీన్ అడిగింది, "చదువైపోయింది కదా, ఉద్యోగం చూసుకున్నావా?"

"ఎక్కడ మేడమ్! నాకు బంతి పట్టడం తప్ప ఏమీ రాదు."

"మాకు కావలసిందీ అదే."

ఆగస్టులో ఆ ఊరి హాల్లోనే సెనేటర్ గారి విలేకరుల సమావేశం జరిగింది. ఎండకి గోధుమ అంతా మాడిపోయింది, ఏం చేస్తారని ఎవరో అడిగారు.

"వాన పడనిచోట ఎవడు వెయ్యమన్నాడయ్యా గోధుమ?" అన్నారు సెనేటర్ గారు. "వాన ఎక్కడ పడుతుందో చూసుకుని పొలాలు అక్కడికి జరుపుకోవాలి!"

ఆయన వెనకే టై కట్టుకుని నిలబడ్డ లైల్ కొద్దిగా పక్కకి ఒరిగి మైకు అందుకున్నాడు. "సెనేటర్ గారి ఉద్దేశం, నీటి వసతి పొలం దాకా రావాలని. రైతు ఒక్క అడుగు కూడా కదలక్కర్లేదు."

ముప్పై కలాలు బుద్ధిగా రాసుకున్నాయి. ఎవరో "బాగుంది" అని కూడా అన్నారు.

అప్పుడు చూశాడు లైల్. మూడో వరసలో, విలేకరుల మధ్య వెర్నా కూర్చుని ఉంది. ఒళ్లో కొత్త పుస్తకం. చెవి మీద పెన్సిల్ తీసి, నాలికకి తగిలించి, క్యాచర్ గడిలో తీరిగ్గా పూర్తి పేరు రాసింది. తలెత్తి సెనేటర్ వైపు చూసి, కానివ్వండి అన్నట్టు పెన్సిల్ ఊపింది.

సెనేటర్ గారు తర్వాతి ప్రశ్నకి గొంతు సవరించుకున్నారు. లైల్ మోకాళ్లు కిర్రుమన్నాయి.