వంద నుంచి సున్నాకి

ఒక పెద్ద అడవిలో, అంటే ఆస్పత్రికి చేరేలోపు రోగమో రోగియో ఎవరో ఒకరు పోయేంత పెద్ద అడవిలో, గవరమ్మ అనే గాడిద రోగుల బండి లాగేది. గూళ్లూ గుహలూ కొండ మీద, ఆస్పత్రి కొండ కింద, మధ్యలో ఏడు మలుపుల ఘాటీ దారి. కిందటి వానల్లో ఒక జింకపిల్ల ఆ బండిలోనే, అయిదో మలుపు దగ్గర కన్నుమూసింది. ఆ రోజు నుంచి గవరమ్మకి తిండి సయించలేదు. కారు కొనమని అడవి సభకి మొట్టమొదట అర్జీ పెట్టుకున్నది ఆవిడే.

పెట్టుకున్నది ఆవిడే గానీ, ఎలాంటి కారు కావాలో ఆవిడని ఎవరూ అడగలేదు. సభాధ్యక్షుడు వరహాలయ్య, జాతికి అడవిపంది, నిపుణుల సంఘం వేశాడు. అందులో చేరడానికి కార్ల మీద గట్టి అభిప్రాయం ఉంటే చాలు. కారెక్కి ఉండాలన్న నియమమేమీ లేదు.

గుంటనక్క సన్యాసిరావు దగ్గర ఏడాదిగా ఒక ఎర్ర పందెం కారు పడి ఉంది. పట్నంలో ఎవరో వదిలేస్తే తెచ్చుకున్నాడు. దాని బ్రేకులు పడవని అతనికొక్కడికే తెలుసు. ఎవరికి అంటగట్టాలా అని చూస్తుంటే, ఒక ఉదయం ఎండకి వెచ్చబడ్డ దాని బానెట్ మీద తొండ ఒకటి చలి కాచుకుంటూ, తల పైకీ కిందికీ ఊపుతూ కనిపించింది. సన్యాసిరావు మొహం వికసించింది.

"వీరు తొండగారు. పుట్టిన దగ్గర్నుంచీ కార్ల మీదే బతికారు" అని సభకి పరిచయం చేశాడు.

అందులో అబద్ధమేముంది? తొండగారు అప్పటికప్పుడు సంఘానికి పెద్ద అయిపోయారు.

కారును పరీక్షించే రోజు అడవంతా వచ్చింది. సన్యాసిరావు ఇంజను స్టార్ట్ చేయగానే వరహాలయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఆహా, ఏం గుర్రు! అచ్చం మా పెదనాన్న గొంతే. ఈ ఒక్క శబ్దానికే కొనేయొచ్చు."

సంఘంలో రెండో మేధావి కోతి అంజిబాబు. పట్నం చెత్తకుప్పలో దొరికిన కార్ల పుస్తకం సగం బట్టీ పట్టాడు. మిగతా సగం చిరిగిపోయి ఉంది. "సున్నా నుంచి వందకి నాలుగున్నర సెకన్లు!" అని అరిచాడు. వంద అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

గవరమ్మకీ సంతోషమే వేసింది. నాలుగున్నర సెకన్లంటే ఆ జింకపిల్ల బతికి ఉండేది. కానీ ఘాటీలో పన్నెండేళ్లు బండి లాగిన కాళ్లు కదా, ఊరుకోలేకపోయాయి.

"బాబూ, మరి వంద నుంచి సున్నాకి ఎన్ని సెకన్లు పడతాది?"

అంజిబాబు తల గోక్కున్నాడు. ఆ తరవాత అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు.

"ఆగడానికి కారెందుకే? ఆగాలంటే బండరాయి కొనుక్కో!" అన్నాడు అంజిబాబు.

"ఏడో మలుపు కిందే ఆస్పత్రి బాబూ. ఎక్కడో ఒక కాడ ఆగాలి గదా! అయినా ఇందులో రెండే సీట్లున్నాయి. రోగి ఎక్కడ పడుకుంటాది?"

"పందెం కార్లో పడుకుంటారా ఎవరైనా? అభిరుచి ఉండాలమ్మా" అన్నాడు వరహాలయ్య.

గవరమ్మ నేరుగా తొండగారినే అడిగింది. "అయ్యా, దీనికి బ్రేకులు పడతాయా?"

తొండగారు తల ఊపారు. సభ ఈలలు వేసింది.

"అయితే, పడవా?"

తొండగారు మళ్లీ ఊపారు.

"చూశారా! రెండు పక్షాలనీ సమానంగా చూసే విమర్శకుడు!" అన్నాడు సన్యాసిరావు చటుక్కున. కారు కొనేశారు.

ప్రారంభోత్సవం నాడు కారుకి దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. మొదటి రోగిగా, నెలలు నిండి నొప్పులు మొదలైన పైడమ్మ అనే లేడిని సీటులో కూర్చోబెట్టారు. తోలవలసింది గవరమ్మ.

గవరమ్మ ముందు బ్రేకు పెడల్ మీద కాలు పెట్టి చూసింది. నేలదాకా దిగిపోయింది. మారు మాట్లాడకుండా దిగి, పైడమ్మని దింపి, తన బండిలో గడ్డి సర్ది పడుకోబెట్టింది.

"ఉద్యోగం పోతుంది, చూసుకో!" అన్నాడు వరహాలయ్య.

"పోనీండి. ఇంకో పిల్లని నా సేతుల్తో సంపుకోలేను."

బండి కదిలిపోయింది. ముహూర్తం దాటకుండా స్టీరింగ్ దగ్గర అంజిబాబు కూర్చున్నాడు, అంకెలన్నీ తెలిసినవాడు కదా. పక్క సీటులో అమ్మినాయన కూర్చోవడమే గౌరవమని సభ తీర్మానించింది. సన్యాసిరావుకి చెమటలు పట్టాయి. వద్దంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే కొడతారు. నవ్వుతూ ఎక్కాడు.

కారు రెండు నిమిషాల్లో ఆస్పత్రి చేరింది. దారిలో గవరమ్మ బండిని చెవి తెగేంత దగ్గరగా దాటి, ఆస్పత్రి కంచెని, గడ్డివాముని, ఒక గోడని కూడా దాటి, ఖాళీ వార్డులో మంచాల మధ్య ఆగింది.

బండి గంటంపావుకి చేరింది. పైడమ్మ పండులాంటి పిల్లని కన్నది. ఆ పిల్ల కేర్‌మనగానే గవరమ్మ గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. జింకపిల్ల పోయాక ఆవిడ ఏడవడం అదే మొదలు.

సాయంత్రం సంఘం వార్డులోనే సమావేశమైంది, సభ్యులు లేచి రాలేరు కాబట్టి. అంజిబాబు కట్లలోంచి ఒక కన్ను తెరిచి, "మూడో మలుపు దగ్గర కారు రోడ్డుని ఏం పట్టు పట్టిందండీ!" అన్నాడు. సన్యాసిరావు దవడకి కట్టు. నిజం చెప్పాలని ఉన్నా నోరు తెరుచుకోలేదు, తెరుచుకున్నా చెప్పేవాడో లేదో.

వరహాలయ్య నివేదిక చదివాడు. కారుకి రెండు నిమిషాలు, బండికి గంటంపావు. కనుక అలాంటిదే ఇంకో కారు కొనాలి. రోగిని ఆలస్యంగా చేర్చినందుకు గవరమ్మ సంజాయిషీ రాసివ్వాలి.

"తల్లీ పిల్లా బతికున్నారు గదా బాబూ" అంది గవరమ్మ.

"అది వేరే శాఖ" అన్నాడు వరహాలయ్య.

నీతి: ఆస్పత్రికి అందరికంటే ముందు చేరాలంటే, రోగిగా కాదు, నిపుణుడిగా బయల్దేరాలి.