కాదమ్మ యాంటెన్నా

ఆవిడ అసలు పేరు ఆఫీసులో ఎవరి నోటా వినపడేది కాదు. అందరూ వెనకాల 'కాదమ్మ' అనేవారు. మేనేజరు ఏది చెప్పినా "కాదు సార్" అని మొదలుపెట్టే అలవాటు వల్ల వచ్చిన బిరుదది. ఆవిడ దానికి బాధపడలేదు సరికదా, కాస్త గర్వపడేది కూడా.

ఆ ఉదయం ఆవిడ పథకం చాలా చిన్నది. తను చేసిన యాంటెన్నాను ఆఫీసుకు తీసుకెళ్ళడం, ఒంటికి తగిలించుకునే ఆరోగ్య పరికరాలు తయారుచేసే కంపెనీ వాళ్ళకు చూపించడం, మేనేజరు నోరు మూయించడం. తపాలా బిళ్ళంత యాంటెన్నా అన్ని బ్యాండుల్లోనూ, అంటే అన్ని తరంగ శ్రేణుల్లోనూ, పని చేయడం కల్ల అనీ, ఒంటికి తగిలితే దాని సంకేతం పూర్తిగా చచ్చిపోతుందనీ ఆయన వాదన. కాదమ్మ దాని అడుగున మెటామెటీరియల్ పొర వేసింది. అంటే రాగిరేకు మీద సన్నని గళ్ళు చెక్కి, మామూలు రాగికి లేని గుణాలు తెప్పించింది. ఇక ఒళ్ళు తగిలినా దానికేమీ కాదని ఆవిడ పట్టుదల. ఇవాళ తేలకపోతే ఈ పని ఆపేసి, మేనేజరుకు ముద్దొచ్చే జానెడు కడ్డీ యాంటెన్నానే వాళ్ళకు అంటగడతారు.

ఆఫీసుకు బయల్దేరే ముందు కాదమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు అత్తగారు యాంటెన్నా పెట్టె మూత తీసి చూసింది. లోపల బిళ్ళ లొడలొడ కదులుతోంది. పిల్ల ఇంత కష్టపడి చేసింది దారిలో ఎక్కడ దెబ్బతింటుందోనని, రెండు వైపులా అంటుకునే పారదర్శకమైన టేపు ముక్క వెనకాల వేసి, పెట్టె అడుగున అద్దింది. ఆ సంగతి చెబుదామనుకునే లోపే కోడలు చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సమావేశపు గదిలో కాదమ్మ యాంటెన్నాను పట్టకారుతో పైకి తీసింది. కాస్త మొండికేసినా, ఆవిడ గమనించని టేపుతో సహా ఊడి వచ్చింది. దాని అంచున ఉన్న, సంకేతం పంపే బుల్లి స్విచ్చి నొక్కి, బోర్లా కుర్చీలో పెట్టి, దాన్ని నిలబెట్టే స్టాండు కోసం బల్ల జరపసాగింది. అంతలో మేనేజరు వచ్చి ఆ కుర్చీలోనే చతికిలబడ్డాడు. ఎందుకైనా మంచిది, స్టాండు మీద తన కడ్డీ పెట్టమన్నాడు. ఆవిడ యథాప్రకారం కాదంది. ఆయన విసురుగా లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీ.

కొనుగోలుదారుల తరఫున వచ్చిన పెద్దావిడ గదిలోకి అడుగుపెట్టేసరికి కాదమ్మ బల్ల కింద పాకుతోంది. పైకి లేచి, దుమ్ము దులుపుకుని, యాంటెన్నా పోయిందని ఉన్నమాట చెప్పేసింది. పెద్దావిడను వెంటబెట్టుకుని వచ్చిన మేనేజరుకు పరువు పోతుందన్న భయం పట్టుకుంది. మెటామెటీరియల్ వస్తువుల్ని కనపడకుండా దాచగలదని ఎక్కడో చదివిన ముక్క ఆయనకు ఆ క్షణాన గుర్తొచ్చింది.

"పోలేదండీ, కనపడదు. దాని గొప్పతనమే అది," అన్నాడు ఖాళీ స్టాండు చూపిస్తూ.

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని స్టాండు మీదకు వంగింది. మేనేజరు కాదమ్మను పక్కకు లాగి, అవునని తల ఊపకపోతే రేపటినుంచి రానక్కర్లేదని చెవిలో చెప్పాడు. ఆవిడ మాత్రం గదంతా వినపడేలా జవాబిచ్చింది.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను సార్. లేనిదాన్ని ఉందని మాత్రం చెప్పను."

"మరి ఆ తెర మీద కనిపిస్తున్నదేమిటమ్మా?" అని అడిగింది పెద్దావిడ.

యాంటెన్నా సంకేతాన్ని అందుకునేందుకు బల్ల మీద పెట్టిన రిసీవరు తెర మీద గీత అన్ని బ్యాండుల్లోనూ నిండుగా నిలబడి ఉంది. కాదమ్మ తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది. మేనేజరుకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. జేబురుమాలు తీసి ఖాళీ స్టాండు మీద గాలిని సుతారంగా తుడిచాడు. తర్వాత టీ పురమాయించడానికి తనే బయటికి వెళ్ళాడు. గీత కొంచెం కిందికి దిగింది. ఆయన తిరిగి రాగానే లేచింది. కాదమ్మ అది చూసింది.

ఈసారి ఆవిడ, మనిషి తిరిగితే గీత ఏమవుతుందో చూద్దామని, మర్యాదగా వరండా చివరిదాకా నడిచి, మెట్లు దిగి, లిఫ్టులో పైకి రమ్మని ఆయన్ని కోరింది. దారికొచ్చింది కదా అని మురిసిపోతూ, పెళ్ళికొడుకులా అడుగులేస్తూ వెళ్ళాడాయన. దూరం పెరిగేకొద్దీ గీత తగ్గింది కానీ, ఒక్క బ్యాండులోనూ తెగలేదు.

"సార్, ఒక్కసారి అటు తిరగండి," అంది కాదమ్మ, ఆయన గుమ్మంలోకి రాగానే.

ప్యాంటు వెనక జేబు మీద తపాలా బిళ్ళ బుద్ధిగా అంటుకుని ఉంది.

దాన్ని పీకి బల్ల మీద పడేసి, ఇంత నిర్లక్ష్యమా, ఈ పని ఈ పూటతో సరి అంటూ మేనేజరు రంకెలు వేశాడు. పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది.

"ఒంటికి తగిలితే పని చేయదని మొన్న ఫోన్లో మీరే అన్నారు కదండీ? మీ ఒంటి మీదే మెట్లు దిగింది, లిఫ్టెక్కింది. ఇంతకన్నా మాకేం కావాలి?"

 మేనేజరు మెల్లగా అదే కుర్చీలో కూర్చోబోయి, ముందు చేత్తో తడిమి చూసుకుని, నిలబడే ఉండిపోయాడు.

ఒప్పందం ఆ పూటే కుదిరింది; తుది పరీక్ష అయ్యేదాకా మేనేజరుగారు ఆ ప్యాంటు ఉతికించకూడదన్న ఒక్క షరతు మీద.