మా ఇంట్లో అన్నీ టూ ఎక్స్‌లోనే!

ఫోన్లో వీడియోలను రెండింతల వేగంతో చూసే సౌకర్యం కనిపెట్టింది ఎవరో గానీ, ఆ మహానుభావుడికి ప్రతి కూడలిలోనూ ఒక విగ్రహం పెట్టించాలి! మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు అని గొప్పలు పోతాం. అవేపాటివండీ? నిప్పు ఉన్నా నీళ్లు కాగేదాకా కాచుకు కూర్చోవలసిందే. చక్రం ఉన్నా సిగ్నల్ దగ్గర ఆగవలసిందే. మనిషికి ఆగే పనే లేకుండా చేసింది ఈ టూ ఎక్స్ ఒక్కటే.

ఇంత ఘంటాపథంగా ఎలా చెబుతున్నానంటారా? నాకు ఈమధ్యే పెళ్లయింది. కొత్త కాపురంలో రోజుకో ఆనందం. ఒకే గ్లాసులో పక్కపక్కన నిలబడ్డ రెండు టూత్‌బ్రష్‌లను చూసి మురిసిపోతాను. నేనూ మా ఆయనా చెరో కొసా పట్టుకుని దుప్పటి మడతపెడుతుంటే, చివర్లో ఇద్దరి చేతులూ కలుస్తాయి చూడండి, అందుకోసం ఉతకనవసరం లేని దుప్పట్లు కూడా ఉతికేస్తున్నాను. ఇదంతా ఎంత కాలయాపన! నాలాంటి మందగమన జీవికి కళ్లు తెరిపించినవాడు మా మరిది.

మా మరిది విద్యార్థి. కాలేజీకి దగ్గరని మాతోనే ఉంటాడు. హాల్లో సోఫాకి కుడివైపు కొస అతడిది. సోఫా కూడా ఆ సంగతి గ్రహించి ఆ వైపు గుంట పడింది. ఆ గుంటలో కూర్చునే అతడు ప్రపంచంలోని సకల విద్యలూ అభ్యసిస్తున్నాడు.

నమ్మరా? పక్కింటి పిన్నిగారు కూడా ముందు నమ్మలేదు.

"ఏం బాబూ, చదువు కాక ఇంకేమన్నా సరదాలున్నాయా?" అని అడిగిందావిడ.

"ఉన్నాయాంటీ. మౌంటెనీరింగ్, వడ్రంగం, డీప్ సీ డైవింగ్."

"అబ్బో! అయితే మా తలుపు గొళ్లెం ఊడింది. కాస్త బిగించి పెడుదువు రా నాయనా."

"గొళ్లేలు నా ఏరియా కాదాంటీ. నేను పడవలు చేసే చానెల్ ఒక్కటే ఫాలో అవుతా."

పిన్నిగారు నోరు తెరిచింది. మూయడానికి ఆవిడకి కొంచెం టైము పట్టింది. పాతకాలం మనిషి, వన్ ఎక్స్.

వెనకటి విద్యార్థులు ఎంత వెర్రివాళ్లో ఆలోచించండి! బొమ్మలంటే ఇష్టమైతే కూర్చుని బొమ్మలు గీసేవాళ్లు. చేతులకి రంగులు, గోళ్లలో మరకలు, తీరా చూస్తే గీసింది గుర్రమో గాడిదో తేలదు. మా మరిది అలా కాదు. ఒక పెద్దమనిషి నెలల తరబడి కష్టపడి వేసిన చిత్రాన్ని పళ్లు తోముకునేలోపు చూసి, ఉమ్మేసి, మరో చిత్రానికి పోతాడు. కొండలెక్కే వీడియోలు చూసీ చూసీ అతడికి ఎన్ని శిఖరాలు తెలుసో చెప్పలేను. లిఫ్టు పనిచేయని రోజున మాత్రం మా మూడో అంతస్తు దాకా వచ్చి, గుమ్మం పట్టుకుని, "వదినా... నీళ్లు..." అంటాడు.

మరి చదువో? ఆ ముచ్చట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎక్కడో ఏ దేశంలోనో ఒక అమ్మాయి టేబుల్ లైటు పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా గంటల కొద్దీ చదువుకుంటూ వీడియో పెడుతుంది. మనవాడు ఆ అమ్మాయి చదువుకోవడాన్ని చూస్తాడు. అదే అతడి చదువు! పైగా దాన్ని కూడా టూ ఎక్స్‌లోనే చూస్తాడు. ఆ అమ్మాయి పేజీలు టపటపా తిప్పేస్తుంది, నీళ్లు గటగటా తాగేస్తుంది. కృషి ఆవిడది, వేగం ఇతడిది. ఇక పరీక్షలో మార్కులు ఎవరికి వస్తాయన్నది ఒక్కటే తేలాలి.

సినిమాల సంగతి అడగకండి. ముగింపు ముందు చూస్తాడు. నచ్చితే మొదలు చూస్తాడు. మధ్యలో కథ వేరేవాళ్లెవరో వివరించిన వీడియోలో వింటాడు. "ఎలా ఉందోయ్ సినిమా?" అంటే ఎప్పుడూ ఒక్కటే సమాధానం.

"ల్యాగ్ వదినా."

ల్యాగ్! ఎంత చక్కటి మాట! ఏడుపు సీను ల్యాగ్. పాటలో పల్లవి ల్యాగ్. మా ఆయన చెప్పే జోకులు ల్యాగ్. (ఇది మాత్రం కొంతవరకు ఒప్పుకుంటాను.) ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. వాళ్లన్నది అమృతం గురించే. మా మరిది దాన్ని పాలకీ, పాఠాలకీ, మనుషులకీ కూడా వర్తింపజేశాడు.

ఇలాంటి ఇంట్లో నాదొక చాదస్తపు కోరిక. మా పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో వచ్చి చాలా రోజులైంది. ముగ్గురం కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చూడాలని నా ఆశ. అందులోనూ చివర్లో మా నాన్న నన్ను కారెక్కించి సాగనంపే ఘట్టం. ఆరోజు నేను తలొంచుకుని ఏడుస్తూ కూర్చున్నానేమో, కిటికీ అవతల నాన్న మొహం చూడనేలేదు. వీడియోలోనైనా చూద్దామని.

మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్పే కారుకి పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు కంగారుపడి ఎవరిమీదికో పోనిస్తుంటే, పక్కనున్న మాస్టారు కాలితో నొక్కేస్తారు. జీవితమంతా ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆ కాలికి ఆ అలవాటు ఎంతగా పట్టిందంటే, బస్సులో కూర్చున్నా, టీవీలో కారు వేగంగా పోతున్నా, ఆయన కుడికాలు దానంతటదే నేలని నొక్కుతుంది. చిన్నప్పుడు నేను సైకిలు నేర్చుకుంటుంటే వీధి చివర నిలబడి అలాగే నొక్కేవాడు. స్కూలు కారు వెనక అద్దం మీద ఆయన స్వయంగా రాయించుకున్న మాట, "నిదానమే ప్రధానం". దాన్ని చూసి వెనకొచ్చే వాళ్లంతా హారన్ కొడతారు.

అంటే, పూర్తిగా ల్యాగ్ మనిషి.

వీడియో చూద్దామని అడిగినప్పుడల్లా ఏదో ఒక అడ్డు. ఒకసారి టీవీకి అప్‌డేట్. ఒకసారి మరిదికి మ్యాచ్. మ్యాచ్ అంటే ఆడడం కాదు సుమండీ. చూడడం కూడా కాదు. మ్యాచ్ చూస్తున్న ఇంకొకడి మొహం చూడడం. మూడోసారి సిద్ధమయ్యేసరికి మా అత్తగారి ప్రమాదం వచ్చిపడింది.

అత్తగారు వేరే ఊళ్లో ఆసుపత్రిలో హెడ్ నర్సు. క్షణం తీరిక ఉండదు. అందుకని కొడుక్కి వాయిస్ మెసేజ్‌లు పెడుతుంటారు. ఆ మెసేజ్‌లను మా మరిది ఏ వేగంలో వింటాడో మీకు వేరే చెప్పాలా? కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ అతడు తల్లి గొంతును అలాగే వింటున్నాడు. ఆ సాయంత్రం అతడి ఫోనులో చార్జింగ్ అయిపోయి, ఆవిడ నా ఫోనుకి చేశారు. నేను తీసుకెళ్లి ఇచ్చాను.

"ఏం నాన్నా, తిన్నావా? ఫోనేమైందిరా?" అన్నారావిడ స్పీకర్లో.

మరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "వదినా! అమ్మ మాట తేడాగా ఉంది. సాగిపోతోంది. మాటకీ మాటకీ మధ్య గ్యాప్ వస్తోంది!" అన్నాడు. మాట సాగితే అది పక్షవాతానికి గుర్తని అతడికి తెలుసు. హెల్త్ రీల్‌లో చూశాడు.

"అమ్మా, ఒకసారి నవ్వు."

"ఎందుకురా?"

"నవ్వమ్మా, ప్లీజ్! ఆ, ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తు."

"రెండూ ఎత్తితే ఫోనెవడు పట్టుకుంటాడ్రా? నా ఎదురుగా ఎవడన్నా తుపాకీ పట్టుకు నిలబడ్డాడా?"

"ఒరేయ్ అన్నయ్యా! అమ్మకేదో అయింది, త్వరగా రా!" అని ఇతడు కేక పెట్టాడు. సగం గడ్డం నురగతో మా ఆయన బాత్‌రూమ్‌లోంచి పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"అమ్మా, నిజం చెప్పు. ఇంత స్లోగా ఎందుకు మాట్లాడుతున్నావ్?"



"నిన్ను కన్నప్పట్నుంచీ ఇలాగే మాట్లాడుతున్నానురా వెధవా!" అన్నారు అత్తగారు, మామూలు వేగంతో.

నవ్వుతున్నారా? నవ్వకండి. జబ్బు రాకముందే జబ్బును పసిగట్టే కొడుకు ఎంతమంది తల్లులకుంటాడు? జబ్బు లేకపోవడం ఆవిడ లోపం, అతడిది కాదు.

చివరికి ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం కుదిరింది. పల్లీలు వేయించాను. మా ఆయన పక్కన చోటు చూసుకుని, పెళ్లినాటి చీరే కట్టుకుని కూర్చున్నాను. (కొత్త పెళ్లికూతురికి ఆమాత్రం పిచ్చి ఉండకూడదా?) మరిది తన గుంటలో ఆసీనుడై రిమోట్ పుచ్చుకున్నాడు.

"మూడు గంటలా! టూ ఎక్స్‌లో పెడుతున్నా వదినా. మీకే మంచిది."

ఏం చెప్పమంటారు ఆ వైభవం! నేను హాల్లోకి నడిచి రాలేదు, చీమ కుట్టినట్టు ఉరికొచ్చాను. మా మేనత్తలు నన్ను ముద్దుపెట్టుకోలేదు, పొడిచి వెళ్లారు. భోజనాల సీను చూసినవాళ్లెవరైనా ఆ ఊళ్లో కరువు అనుకుంటారు. మా ఆయన నావైపు ఒకసారి దొంగచూపు చూశాడట, నేను పల్లీ నోట్లో వేసుకునేలోపు అదీ అయిపోయింది. నిజం చెప్పొద్దూ, నేనూ పడీపడీ నవ్వాను.

అంతలో కారు వచ్చింది.

తెర మీద నేను కారులో కూర్చున్నాను. మా ఆయన స్నేహితుడు స్టీరింగ్ ముందున్నాడు. మా నాన్న కిటికీలోంచి వంగి కిచకిచమని ఏదో అన్నాడు. కారు కదిలింది. నాన్న వెనక్కి జరిగి కాలితో నేలని టకటకా తొక్కాడు.

"వదినా, మీ నాన్నగారు స్టెప్పులేస్తున్నారు!" అని మరిది చప్పట్లు కొట్టాడు. మా ఆయనా నవ్వాడు. "మావయ్యగారిలో ఇంత హుషారుందని తెలీదే!" అన్నాడు.

నేను నవ్వలేదు. "ఒక్కసారి వెనక్కి తిప్పు. మామూలు స్పీడులో పెట్టు," అన్నాను.

"ఎందుకు వదినా, అయిపోయిందిగా?"

"పెట్టవోయ్."

పెట్టాడు. ఈసారి నాన్న గొంతు నాన్న గొంతులాగే వినపడింది. "నిదానం బాబూ, నిదానం. రోడ్డు ఎక్కడికీ పోదు." తర్వాత కిటికీ అంచు మీద చెయ్యి వేశాడు. నేను తలెత్తుతానేమోనని చూస్తున్నాడు. నేను తలెత్తలేదు. ఆయన చెయ్యి తీయలేదు. ఏమీ మాట్లాడలేదు. రెప్ప కూడా వేయలేదు. అలాగే, అలాగే నిలబడ్డాడు.

నేను సోఫాలో ముందుకి జరిగాను.

"అయ్యో, హ్యాంగ్ అయింది," అన్నాడు మరిది. పది సెకన్లు ముందుకి తోసే బటన్ నొక్కాడు.

తెర మీద ఖాళీ రోడ్డు. కారు లేదు. మా నాన్న కూడా లేడు.

"హ్యాంగ్ కాలేదు," అన్నాను. నా గొంతు నాకే సాగినట్టు వినిపించింది.

మా ఆయన నావైపు తిరిగాడు. "ఏముంది అందులో?"

"ఏమీ లేదండీ. మా నాన్న బ్రేకు వేశాడు. కారు ఆగలేదు."

మా ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఎటు పోవాలో తెలియక. మరిది మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"అంతేనా వదినా? హమ్మయ్య. అయితే మనమేమీ మిస్ కాలేదు!"

విన్నారుగా? మేమేమీ మిస్ కాలేదు. మూడు గంటల పెళ్లి, పాతికేళ్లు పెంచిన నాన్న, అన్నీ ల్యాగ్ లేకుండా చూసేశాం. ఇంకా పల్లీలు కూడా మిగిలాయి. కాబట్టి రెండింతల వేగం వరమే. కూడలి కూడలికీ విగ్రహం పెట్టవలసిందే. నేను చందా ఇస్తాను.

దాన్ని కనిపెట్టిన మహానుభావుడికి మాత్రం ఒక చిన్న విన్నపం. ఈసారి రిమోట్ తయారు చేసేటప్పుడు, పక్కన కూర్చున్నవాళ్ల కాలికి అందేలా ఒక బ్రేకు కూడా పెట్టించండి.